రంగు చివర

22 డిసెంబర్ 2024, ఆదివారం. తెనాలి.

అత్తయ్యకు ఏమీ కాలేదు. ముందు అది రాసుకోవాలి. బెల్టు ఒత్తుకుని భుజం మీద ఎర్రగా గీత పడింది, అంతే. డాక్టరు గారు చూసి భయం లేదన్నారు.

ఇక బండి. నిన్న తెల్లవారుజామున మంచులో, రోడ్డు మీద ఆగి ఉన్న వరిగడ్డి ట్రాక్టర్ ట్రక్కుకు మా వ్యాగన్ ఆర్ కుడి మూల తగిలింది. ట్రక్కుకు వెనక దీపం లేదు, ఎర్ర స్టిక్కరు లేదు, గడ్డి నేల దాకా వేలాడుతోంది. బ్రేకు పట్టాక తగిలింది కాబట్టి అప్పటికి వేగం గంటకు 15 కిలోమీటర్లు ఉండొచ్చు. చుట్టూ చేరినవాళ్లందరిదీ ఒకటే మాట: "బంపరే కదండీ, రంగేయిస్తే పోద్ది."

ఆ మాట నిన్నటి నుంచీ చెవిలో మెదులుతూనే ఉంది. బంపర్ ప్లాస్టిక్ తొడుగు. వంగుతుంది, మళ్లీ తనంతట తాను చాలావరకు లేస్తుంది. దాని వెనకున్న ఇనుము అలా కాదు, వంగితే వంగినట్టే ఉంటుంది. కాబట్టి బంపర్‌ని చూసి దెబ్బ ఎంతో చెప్పడం కుదరదు. బండి, మేమిద్దరం కలిపి దాదాపు వెయ్యి కిలోలు. 15 కిలోమీటర్ల వేగంలో గతిజశక్తి సుమారు 8,700 జౌళ్లు. అదే 30 అయి ఉంటే రెట్టింపు కాదు, నాలుగింతలు. తొమ్మిదో తరగతికి ఏటా చెప్పే లెక్కే. ఆ 8,700 జౌళ్లు ఎక్కడికో పోయాయి. కొంత ప్లాస్టిక్ చీలడానికి, కొంత ఇనుము మడతపడడానికి. ఎక్కడెక్కడికి పోయాయో వెతకాలి. అది తెలిశాకే రంగు సంగతి.

బానెట్‌ను తాడుతో కట్టి, కింద నీళ్లు కారడం లేదని, చక్రం దేనికీ రాసుకోవడం లేదని చూసుకుని నెమ్మదిగా ఇంటికి తెచ్చాను.

24 డిసెంబర్, మంగళవారం

క్లెయిమ్ పెట్టాలా వద్దా అని రెండు రోజులుగా ఇంట్లో చర్చ. మా ఆయన హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "ఇన్సూరెన్సు కడుతున్నది ఎందుకు మరి?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కాగితం తీసి లెక్క చూశాను.

మాకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది. మొదటి ఏడాదికి 20, తర్వాత 25, 35, 45, అయిదేళ్లకు 50. అదే గరిష్ఠం. ఒక్క క్లెయిమ్‌తో అది మళ్లీ సున్నాకు వస్తుంది. బండి 2014ది. పదేళ్లు దాటిన బండి ఇనుప భాగాలకు సగం తరుగు తీసేస్తారు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకైతే బండి వయసుతో పని లేదు, ఎప్పుడైనా సగమే. 1500 సీసీ లోపు కార్లకు ఎలాగూ మొదటి వెయ్యి రూపాయలు మనమే పెట్టుకోవాలి. ఈ కోతలన్నీ పోగా చేతికి వచ్చేదానికన్నా రాబోయే ఏళ్లలో ప్రీమియం రూపంలో పోయేదే ఎక్కువ.

ఒక్క షరతు. పైపై దెబ్బ అయితేనే ఈ లెక్క. ఇంజన్‌కు అటూ ఇటూ ముందుకు సాగే బలమైన పెట్టె దూలాలు రెండు ఉంటాయి. అవి ముడతపడితే ఇంటి పని కాదు, క్లెయిమ్ పెట్టాల్సిందే. క్లెయిమ్ పెట్టేదైతే సర్వేయర్ చూడకముందు ఏదీ విప్పకూడదు. అందుకే ఏమీ విప్పకుండానే సాయంత్రం చాప పరుచుకుని కిందకి దూరి టార్చి వేసి చూశాను. ఆ దూలాల మీద రంగు చిట్లలేదు. అతుకుల దగ్గర పూసిన సీలెంట్‌లో పగుళ్లు లేవు. ఇనుము మడతపడిన చోట ముందు రంగు పెచ్చులు లేస్తుంది, దాచుకోవడం దానికి చేతకాదు. పై నుంచి బానెట్ ఎత్తి మళ్లీ చూశాను. శుభ్రంగా ఉన్నాయి.

క్లెయిమ్ వద్దు. చేసుకుంటాను.

25 డిసెంబర్, బుధవారం

క్రిస్మస్ సెలవు. పొద్దున పది గంటలకు మొదలుపెట్టాం, నేనూ మా అబ్బాయీ.

ముందు ఫోన్‌తో అన్ని వైపుల నుంచీ ఫొటోలు, ముఖ్యంగా వైర్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయో. తర్వాత బ్యాటరీ. ఎప్పుడూ నెగటివ్ తీగే ముందు తీయాలి. పాజిటివ్ విప్పుతుంటే పానా బాడీకి తగిలితే నిప్పులు రాలతాయి. నెగటివ్ ఊడదీసి ఉంటే ఎక్కడ తగిలినా ఏమీ కాదు.

మా బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు. డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ మన దేశంలో 2019 జూలై 1 నుంచే తప్పనిసరి అయింది. మరిది వాళ్ల కొత్త కారులో ఉన్నాయి, అతనికి పనికొస్తుందని ఇక్కడ రాసి పెడుతున్నాను. పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే వాటి జోలికి వెళ్లకూడదు. బ్యాటరీ తీసేసినా ఆ వ్యవస్థలో కాసేపు కరెంటు నిలవ ఉంటుంది. ముందు భాగంలో ఢీకొట్టడాన్ని పసిగట్టే సెన్సార్ ఉంటుంది, దాని దగ్గర సుత్తి ఆడించకూడదు. అలాంటి బండికి ముందు దెబ్బ తగిలితే అక్కడి వరకు కంపెనీ మెకానిక్ చూడాలి.

బంపర్ ఊడదీయడం పెద్ద విద్యేమీ కాదు, ఓపిక ఉంటే చాలు. గ్రిల్ పైన వరసగా క్లిప్పులు, చక్రాల గూళ్లలో స్క్రూలు, కింద మరికొన్ని. ప్లాస్టిక్ క్లిప్పుకు నడిమి బొడిపెను సన్న స్క్రూడ్రైవర్‌తో పైకి లేపాకే మొత్తం లాగాలి. తొందరపడి లాగితే విరుగుతుంది. స్టీరింగ్ ఒకవైపుకు తిప్పితే చక్రం పక్కకు జరిగి గూట్లో స్క్రూకు చెయ్యి అందుతుంది. విప్పిన ప్రతి బోల్టునీ అత్తయ్య పాత ఇడ్లీ రేకుల గుంటల్లో వరసగా పెట్టాం. పై రేకు పై బోల్టులకు, కింది రేకు కింది వాటికి. "ఆ రేకులు మళ్లీ వంటింట్లోకి తేకు" అన్నారు అత్తయ్య. తేను.

బంపర్ వచ్చేసింది. ఇప్పుడు కనిపించింది అసలు బండి.

కుడి హెడ్‌లైట్ చెవులు రెండు విరిగాయి. గ్రిల్ నిలువునా చీలింది. హారన్ పట్టీ వంగింది. కుడి ఫెండర్ మూతి లోపలికి నొక్కుకుంది. బానెట్ ముందంచు కొద్దిగా పైకి లేచింది. వీటన్నిటికన్నా పెద్దది, బానెట్ లాక్ ఉండే పై అడ్డపట్టీ కుడివైపు వెనక్కి పోయింది. దాని వెనకే ఏసీ కండెన్సర్, దాని వెనక రేడియేటర్. కండెన్సర్ అల్యూమినియం రెక్కలు కొన్ని వాలాయి, కానీ నూనె తడి ఎక్కడా లేదు. ఏసీ గ్యాసుతో పాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంది కాబట్టి గ్యాసు కారిన చోట జిడ్డు మరక పడుతుంది. పడలేదు. రేడియేటర్ నీళ్ల డబ్బా మీద పెన్నుతో గీత పెట్టాను. రేపూ ఎల్లుండీ అదే గీత దగ్గర ఉంటే కారడం లేదన్నమాట. కూలెంట్ ఇథిలీన్ గ్లైకాల్, తియ్యగా ఉంటుంది, విషం. వీధి కుక్కలు నాకకుండా ఒక్క చుక్క నేల మీద పడినా కడిగేయాలని అబ్బాయికి చెప్పాను.

ఏసీ పైపులు మాత్రం నేను విప్పను. అందులో ఆర్ 134ఏ ఒత్తిడి మీద ఉంటుంది. కంట్లో చిమ్మితే కన్ను గడ్డకడుతుంది. గాలిలోకి వదిలితే వందేళ్ల లెక్కన అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కన్నా 1,430 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. ఆ పని యంత్రాలు ఉన్నవాళ్లది.

తర్వాత కొలతలు. నాన్న ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవారు. మూల నుంచి మూలకు దారం పట్టి, రెండు కర్ణాలూ సమానమని తేలితే తప్ప మేకు కొట్టనిచ్చేవారు కాదు. ఇవాళ అదే చేశాను. సస్పెన్షన్ పై బోల్టు నుంచి ఎదుటి హెడ్‌లైట్ బోల్టు రంధ్రానికి టేపు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. కుడి మూలకు వచ్చే కర్ణం 9 మిల్లీమీటర్లు తక్కువ. కంటికి ఆనని తేడా. ఇది ఇలాగే ఉంచి కొత్త బంపర్ బిగించి రంగేస్తే హెడ్‌లైట్ ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు, బానెట్ లాక్ ఎప్పటికీ సగమే పడుతుంది.

పక్కింటి పెద్దాయన ప్రహరీ మీద నుంచి చూస్తూ, "పాత అంబాసిడర్ అయితే ట్రక్కే వంగేదమ్మా" అన్నారు. అబ్బాయి నా వైపు చూశాడు. వాడికి చెప్పాను, బండి వంగకపోతే ఆ దెబ్బంతా లోపల కూర్చున్న మనిషి మెడకు, ఛాతీకి పోతుందని. బేలా బారేన్యీ అనే ఇంజనీరు మెర్సిడెస్‌లో పనిచేస్తూ 1951లో దీని మీద పేటెంటుకు పెట్టాడు. మనుషులుండే గది గట్టిగా ఉండాలి, దాని ముందూ వెనకా నలగాలి అని. 1959లో వచ్చిన డబ్ల్యూ 111 కారు ఆ పద్ధతిలో తయారైంది. ఆగడానికి పట్టే దూరం కొద్దిగా పెరిగినా మనిషి మీద పడే బలం అంత తగ్గుతుంది. మొన్న ఈ అడ్డపట్టీ వెనక్కి పోయి అత్తయ్య భుజాన్ని కాపాడింది. దాన్ని మళ్లీ దాని చోటుకు తేవాలి, ఇంకోసారి అవసరం పడితే అది అక్కడ ఉండాలి.

30 డిసెంబర్, సోమవారం

సెలవు పెట్టి విజయవాడ జవహర్ ఆటోనగర్ వెళ్లాను. చిన్నప్పుడు నాన్నకు క్యారేజీ తెచ్చిన వీధులు. వెల్డింగ్ వాసన అలాగే ఉంది.

పాత సామాను కొట్లలో హెడ్‌లైట్ వెతకడానికి పూట పట్టింది. పై మెరుపు చూసి కొనకూడదు. మూడు చెవులూ విరగకుండా ఉండాలి. లోపలి అద్దపు పూత పొరలుగా లేచి ఉండకూడదు. తడి ఆవిరి పట్టి ఉండకూడదు. వెనక సర్దుబాటు మరలు రెండూ వేళ్లతో తిరగాలి. అవి బిగుసుకుపోతే దీపం ఎటు కొడితే అటే. 1,400 చెప్పాడు, 900కి ఇచ్చాడు. గ్రిల్, హారన్ పట్టీ, ఒక పొట్లం క్లిప్పులు. క్లిప్పులు మాత్రం కొత్తవే.

బంపర్ కొత్తది కూడా దొరికేది. వద్దనుకున్నాను. మా బంపర్ చీలిక జానెడు, కుడి మూల కింద. ప్లాస్టిక్ తిరిగి అతుకుతుంది. పదేళ్లు గాలికీ ఎండకూ నిలిచిన వస్తువును ఒక చీలిక కోసం పారేయడం నాకు మనసొప్పదు.

తిరుగు రైల్లో హెడ్‌లైట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఎదుటి సీటు ఆవిడ, "ఏ పండక్కమ్మా ఇది?" అని అడిగింది. సంక్రాంతికేనని చెప్పాను. నిజమే, పండక్కి ఆడపడుచు వాళ్లు వస్తారు, అప్పటికి బండి తయారవ్వాలని అత్తయ్య కోరిక.

5 జనవరి 2025, ఆదివారం

ఇవాళ్టి పనికి తోడు కావాలి. వీధి చివరి టింకరింగ్ మేస్త్రి గారిని చైన్ బ్లాక్‌తో సహా రమ్మన్నాను. కూలి ఇస్తానంటే, "మీరు చేస్తారా, నేను చెయ్యాలా టీచరు గారూ?" అన్నారు. నేను చేస్తాను, మీరు నిలబడి చెప్పండి అన్నాను.

దెబ్బ ఏ దిక్కున వచ్చిందో దానికి సరిగ్గా ఎదురు దిక్కున లాగాలి. అదొక్కటే సూత్రం. మా దొడ్డి వేపచెట్టుకు బ్లాక్ కట్టి, అడ్డపట్టీ కుడి కొసకు కొక్కెం తగిలించాం. కొక్కెం ఇనుమును చీల్చకుండా మధ్యలో మందపాటి రేకు ముక్క పెట్టాం. చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు, చేతి బ్రేకు, గేరు. గొలుసు మీద తడిపిన పాత బొంత. గొలుసు తెగితే బొంత బరువుకు కిందే పడుతుంది, ఎగరదు. అబ్బాయిని గొలుసు వరసలో నిలబడొద్దని గట్టిగా చెప్పాను. ఈ పనిలో కోపం రావాల్సిన చోటు అదొక్కటే.

ఒక్కొక్క పన్నూ లాగుతూ, ఆపుతూ, టేపు పట్టి చూస్తూ. కర్ణాలు సమానమైన చోట నేను ఆగబోతే మేస్త్రి గారు, "ఇంకో రెండు పళ్లు లాగండమ్మా, ఇనుము వదిలితే కాస్త వెనక్కెళ్తది" అన్నారు. సాగే గుణం, నేను పాఠంలో చెప్పేదే, ఆయన చేతికి తెలుసు. లాగి పట్టి ఉంచి, మడత చుట్టూ సుత్తితో చిన్నచిన్నగా తట్టాం, లోపలి బిగువు సర్దుకోవడానికి. వదిలాక తేడా 2 మిల్లీమీటర్లు. అది చాలు, బోల్టు రంధ్రాల్లో అంతకన్నా ఎక్కువ వెసులుబాటు ఉంది.

ఫెండర్ మూతికి వెనక డాలీ దిమ్మె పెట్టి ముందు నుంచి సుత్తి. ఈ పని మాత్రం ఎక్కువ ఆయనే చేశారు. దిమ్మె మీద నేరుగా కొడితే రేకు పలచబడి సాగుతుంది, తర్వాత ఉబ్బు దిగదు. దిమ్మె ఒకచోట, దెబ్బ పక్కన. ఆయన చూడకుండా వేలితో తడిమి ఎత్తుపల్లాలు చెప్పేస్తారు. నేను కళ్లు మూసుకుని తడిమాను. మధ్యాహ్నానికి కొద్దికొద్దిగా తెలియడం మొదలైంది. ఇంత సంతోషం ఈ మధ్య ఏ పనిలోనూ కలగలేదు.

సాయంత్రం అయిదు లోపే బయటపడ్డ ఇనుమంతా గీకి, తుడిచి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసేశాం. పుష్యమాసపు మంచు ఒక్క రాత్రి పడితే పచ్చి ఇనుము మీద తెల్లారేసరికి తుప్పు పొర. రంగుకు తొందరపడేవాళ్లు దీన్ని మాత్రం రేపు చూద్దామంటారు. తొందర పడాల్సింది దీనికే.

పని మధ్యలో ఆ ట్రాక్టర్ కుర్రాడు వచ్చాడు. ఎంత ఖర్చైతే అంత ఇస్తానన్నాడు. కౌలు రైతు, ఈసారి పంట ఎలా ఉందో ముఖంలోనే కనిపిస్తోంది. డబ్బు వద్దు, ట్రక్కు తీసుకురా అన్నాను. తెచ్చాడు. ఆటోనగర్‌లో కొన్న ఎర్ర రిఫ్లెక్టర్ టేపు వెనక తలుపు మొత్తం అడ్డంగా అతికించాం. గడ్డి ఎక్కువ వేసినప్పుడు తలుపు కనబడదు కదా, గడ్డి మీద వేలాడదీయడానికి ఒక చెక్కకు కూడా అతికించి ఇచ్చాను. రోడ్డు మీద ఆగాల్సి వస్తే అది ముందు వేలాడాలి, తర్వాతే బీడీ అని మేస్త్రి గారు చెప్పారు.

11 జనవరి, శనివారం

సెలవులు. నిన్న ముక్కోటి ఏకాదశి గుడి, ఉపవాసం. ఇవాళ ప్లాస్టిక్.

బంపర్ వెనక్కి తిప్పితే లోపలి ముఖం మీద అచ్చు అక్షరాలు ఉంటాయి, ఏ ప్లాస్టికో. మాది పీపీ, అంటే పాలీప్రొపిలీన్. దాన్ని మామూలు సూపర్ గ్లూతో అతికిస్తే వారం నిలవదు, ఆ ప్లాస్టిక్‌కు ఏదీ అంత తేలిగ్గా పట్టదు. కరిగించి కలపాలి, అదీ అదే జాతి ప్లాస్టిక్‌తో. అబ్బాయికి ఒక పరీక్ష చూపించాను. బంపర్ అంచు నుంచి ఒక చిన్న చెక్కు, విరిగిన పాత గ్రిల్ నుంచి ఒక చెక్కు, రెండూ గ్లాసు నీళ్లలో వేస్తే బంపర్‌ది తేలింది, గ్రిల్‌ది మునిగింది. పాలీప్రొపిలీన్ సాంద్రత 0.9 దగ్గర, గ్రిల్‌కు వాడే ఏబీఎస్‌ది 1 దాటుతుంది. అచ్చు అక్షరాలు చెరిగిపోయినా నీళ్లు చెప్పేస్తాయి. బడి తెరిచాక ఈ రెండు చెక్కులూ తొమ్మిదో తరగతికి తీసుకెళ్తాను.

వంగిన చోట ముందు మరిగిన నీళ్లు పోశాం. మెత్తబడగానే లోపలి నుంచి చేత్తో నెట్టి, చన్నీళ్లు కొడితే అలాగే నిలిచింది. తర్వాత చీలిక. కొసన 3 మిల్లీమీటర్ల రంధ్రం వేశాను, చీలిక అక్కడితో ఆగుతుంది, గుండ్రని అంచు దగ్గర బలం ఒకే చోట పోగుపడదు కాబట్టి. వెనకవైపు చీలిక పొడుగునా గాడి తీసి, సన్నని స్టీలు జాలీని సోల్డరింగ్ ఐరన్‌తో ప్లాస్టిక్‌లోకి దింపాను. పైన పీపీ కడ్డీ కరిగించి నింపాను. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతకు బాగా మించితే నల్లబడి పొగ వస్తుంది, ఆ అతుకు పనికిరాదు. తలుపులు తెరిచి, ఫ్యాన్ వెనక పెట్టుకుని చేశాను. చల్లారాక రెండు చేతులతో మెలిపెట్టి చూశాం. అతుకు దగ్గర వంగింది, విడలేదు.

అత్తయ్య వచ్చి చూసి, "అయితే రేపు భోగికి రంగు పడుతుందా?" అన్నారు. భోగి ఎల్లుండి. పడదు. ఆవిడ ముఖం చిన్నబోయింది. నాకూ బాధే. ఆడపడుచు వాళ్లు వచ్చేసరికి బండి బంపర్ లేకుండా ఎర్ర ప్రైమరు మూతితో వాకిట్లో నిలబడి ఉంటుంది. అయినా ప్లాస్టిక్ పుట్టీ ఆరాలి, 180 నుంచి 320, అక్కణ్ణించి 600 నంబరు వాటర్ పేపరు దాకా రుద్దాలి, ప్రైమరు వేయాలి, అది ఆరాలి. వీటిలో ఒక్కటి దాటవేసినా ఏడాది తిరక్కుండా పెచ్చు లేస్తుంది.

15 జనవరి, బుధవారం

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, బండి కదపమని ఎవరూ అడగలేదు. ముగ్గు మధ్యలో నిలబడి ఉంది. పిల్లలు దాని చుట్టూ గొబ్బెమ్మలు పెట్టారు.

గారెలు తింటూ మరిది, "వదినా, ఈసారి ముందు ఇనుప గార్డు వేయించు, ఏ ట్రక్కూ ఏమీ చేయదు" అన్నాడు. ప్రేమతో అన్నదే. వద్దని ఎందుకన్నానో అతనికి కూర్చోబెట్టి చెప్పాను. ఆ గార్డు నేరుగా చాసిస్‌కు బిగిస్తారు. నలగాల్సిన భాగం నలగకుండా దెబ్బ సూటిగా దూలాలకు పోతుంది, ఇప్పుడు నా ఇంట్లో అయిన పని అప్పుడు ఆటోనగర్‌లో కూడా కాదు. ఎయిర్‌బ్యాగులున్న బండిలో సెన్సారుకు దెబ్బ సరిగ్గా అందక అవి వేళకు తెరుచుకోకపోవచ్చు. అన్నిటికన్నా, అడ్డం వచ్చిన మనిషి మోకాలికి ప్లాస్టిక్ తగలడం వేరు, ఇనుప గొట్టం తగలడం వేరు. 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. అయినా రోడ్డు మీద ఎన్ని తిరుగుతున్నాయో. మరిది తన బండికున్నది తీయించేస్తానన్నాడు. ఆడపడుచు అక్కడే ఉంది కాబట్టి మాట తప్పడు.

16 జనవరి, గురువారం

రంగు.

పదకొండు దాకా ఆగాను. పొద్దున గాలిలో తేమ ఎక్కువ, అప్పుడు కొడితే రంగు మీద పాలపొర పడుతుంది. మూడు తర్వాత మళ్లీ చల్లబడుతుంది. ఈ నెలలో మనకు ఉన్నది ఆ నాలుగు గంటలే.

మా తెలుపు మారుతీ వాళ్ల సుపీరియర్ వైట్, కోడ్ 26 యు. మెటాలిక్ కాకపోవడం అదృష్టం. వెండి రంగులో అల్యూమినియం రేణువులు ఎలా పరుచుకున్నాయన్న దాన్ని బట్టి ఛాయ మారిపోతుంది, కొత్త చేతికి కలవదు. ఇది వట్టి తెలుపు. అయినా డబ్బాలోది పదేళ్ల క్రితపు తెలుపు, బండి మీద ఉన్నది పదేళ్లు ఎండిన తెలుపు. పాత రంగును పాలిష్ పెట్టి రుద్దాక చాలా దగ్గరకు వచ్చింది.

గట్టిదనం కోసం హార్డెనర్ కలిపే రెండు డబ్బాల రంగు వాడమని కొట్టువాడు చెప్పాడు. ఇంటి దగ్గర వద్దనుకున్నాను. ఆ హార్డెనర్లలో ఐసోసయనేట్లు ఉంటాయి, పిచికారీ చేస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ఉబ్బసం తెస్తాయి. దానికి బయటి నుంచి స్వచ్ఛమైన గాలి అందే ముసుగు కావాలి. మనం కోవిడ్‌లో కట్టుకున్న మాస్కు రుద్దుడు దుమ్మును ఆపుతుంది, రంగు ఆవిరిని ఆపదు. అందుకని హార్డెనర్ లేని స్ప్రే డబ్బాలు, బొగ్గు ఫిల్టర్ల ముసుగు, దొడ్లో గాలి వాలు చూసుకుని. ఈ రంగు అంత గట్టిది కాదు, పెట్రోలు పడితే మెత్తబడుతుంది. ముందు బంపర్ మీద పెట్రోలు పడే పని లేదు.

ప్లాస్టిక్ మీద ముందు ప్లాస్టిక్ ప్రైమరు పలచగా. అది లేకపోతే పాలీప్రొపిలీన్ రంగును పట్టదు. ఆ తర్వాత తెలుపు, పలచటి పొరలు, పొరకూ పొరకూ మధ్య పది పదిహేను నిమిషాలు. డబ్బా కదిలాక నొక్కాలి, ఆగకముందే వదలాలి, ముక్క అంచు దాటాకే చెయ్యి తిప్పాలి. మొదటి పొర మరకలు మరకలుగానే ఉంటుంది, చూసి కంగారుపడి ఒత్తుగా కొడితే కారుతుంది.

మధ్యాహ్నం రెండింటికి బంపర్ దండెం మీద తెల్లగా వేలాడుతోంది. అత్తయ్య వీధిలోవాళ్లని పిలిచి మరీ చూపించారు.

18 జనవరి, శనివారం

బిగింపు. ఇడ్లీ రేకులు వరస తప్పకుండా ఖాళీ అయ్యాయి.

బానెట్ దగ్గరే ఎక్కువసేపు పట్టింది, పట్టాలి కూడా. కీలు బోల్టులు వదులు చేసి అటూ ఇటూ సందు సమానంగా తెచ్చాం, ముందున్న రబ్బరు బొడిపెలు తిప్పి ఎత్తు సరిచేశాం, చివరికి లాక్. జానెడు ఎత్తు నుంచి వదిలితే తన బరువుకే పడి పట్టుకోవాలి. లోపలి మీట లాగాక కూడా రెండో కొక్కెం పట్టి ఉంచాలి. బలంగా పైకి గుంజి చూశాను, పట్టింది. అబ్బాయితో గుంజించాను. ఈ రెండో కొక్కెం సంగతి తేలకుండా బండిని వీధి దాటనివ్వకూడదు. హైవే మీద బానెట్ లేచి అద్దానికి కొట్టుకుంటే డ్రైవరుకు తెల్ల రేకు తప్ప ఏమీ కనబడదు.

హెచ్4 బల్బు, 60/55 వాట్లు. హాలోజన్ గాజును వట్టి వేళ్లతో ముట్టకూడదు, వేలి జిడ్డు ఉన్న చోట వేడెక్కి పగులుతుంది. గుడ్డతో పట్టుకుని పెట్టాను.

చీకటి పడ్డాక హెడ్మాస్టరు గారి అనుమతితో బడి గోడ దగ్గరకు తీసుకెళ్లాం. టైర్లలో గాలి సరిచూసుకుని, నేను సీట్లో కూర్చుని. దీపం నడిబొడ్డు నేల నుంచి 76 సెంటీమీటర్లు. గోడకు 10 మీటర్ల దూరంలో బండి నిలిపితే డిమ్ వెలుగు పై అంచు అందులో నూరో వంతు, అంటే 10 సెంటీమీటర్లు దిగి 66 దగ్గర పడాలి. అబ్బాయి సుద్దముక్కతో గీత గీశాడు. మనది ఎడమవైపు నడక కాబట్టి వెలుగు ఎడమకు కాస్త లేవాలి, కుడివైపు ఎదుటివాడి కళ్లు ఉంటాయి, అక్కడ గీత దాటకూడదు. ఆటోనగర్ దీపం మరలు నూనె పెట్టినట్టు తిరిగాయి, గీత మీద కూర్చుంది. దెబ్బ తగలని ఎడమ దీపమే 4 సెంటీమీటర్లు పైకి కొడుతోంది. దాన్నీ దించాను.

మిగిలిన పని: కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మరోసారి బిగించి చూడాలి. మళ్లీ కర్ణాలు కొలవాలి. కూలెంట్ పెన్ను గీత దగ్గరే ఉంది. సోమవారం ఏసీ షాపుకు, గ్యాసు ఒత్తిడి గేజీ పెట్టించాలి. కండెన్సర్ మీద జిడ్డు ఇవాళ కూడా లేదు.